ముళ్ల గడియారం చదవడం, టైము లెక్కలు చేయడం: పిల్లలకు ఇంట్లో ఎలా నేర్పాలి

ఏటా అర్ధసంవత్సర పరీక్షల పేపర్లు ఇళ్లకు వెళ్లాక తల్లిదండ్రుల నుంచి నాకు వచ్చే ప్రశ్న ఒకటే. "మావాడు గడియారం చూసి టైము చెప్పేస్తాడు మేడమ్, లెక్క ఇస్తేనే తప్పు చేస్తాడు. ఎందుకంటారు?" విశాఖపట్నం మద్దిలపాలెంలో సాయంత్రం పూట రెండో తరగతి నుంచి అయిదో తరగతి దాకా పిల్లలకు లెక్కలు చెబుతాను. ఒక్కొక్కరికీ విడివిడిగా చెబుతున్నదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. ఇంట్లో కూర్చుని మీరే నేర్పొచ్చు.

ముందుగా ఒక మాట. టైము లెక్కల్లో తప్పులు బద్ధకం వల్ల రావు. ఒకటో తరగతి నుంచీ పిల్లలకు మనం నేర్పేది పదులు, వందలు. గడియారం దగ్గరకు రాగానే 60 అంటాం, 12 అంటాం, రైలు టికెట్టు చూపించి 24 అంటాం. ఇన్నాళ్లూ నమ్ముకున్న వంద ఇక్కడ పనిచేయదని వాళ్లకు ఎవరూ గట్టిగా చెప్పరు. కాబట్టి కసురుకోకండి. తప్పు ఎక్కడ మొదలైందో పట్టుకుంటే చాలావరకు అదే సర్దుకుంటుంది.

కావలసినవి

- వెనక మర తిప్పితే ముళ్లు కదిలే పాత గోడగడియారం. సెల్లు తీసేయండి. 1 నుంచి 12 వరకు అంకెలన్నీ ఉండాలి. రోమన్ అంకెలవి, నాలుగు అంకెలే ఉన్న ఫ్యాన్సీ గడియారాలు ఇప్పుడు వద్దు.
- గుండ్రంగా కత్తిరించిన అట్ట. పాత శుభలేఖ అట్ట బాగుంటుంది. ఒక చిన్న అట్టముల్లు, మధ్యలో గుచ్చడానికి గుండుసూది. సూది మొన వెనక వైపు వంచి టేపు వేయండి.
- రంగు పెన్సిళ్లు, ఒక నోటుబుక్కు.
- గోడకు వేలాడే తెలుగు క్యాలెండరు. వంటింట్లో ఉంటుంది కదా, అదే.
- పాత రైలు టికెట్టు ఒకటి.

రోజుకు పదిహేను ఇరవై నిమిషాలు చాలు. అంతకంటే కూర్చోబెట్టొద్దు. పిల్లలకు 5వ ఎక్కం 60 దాకా నోటికి రాకపోతే ముందు అది చూసుకోండి. అది రాకుండా గడియారం పట్టుకుంటే ఇద్దరికీ విసుగే.

మొదటి భాగం: గడియారం చదవడం

1. చిన్న ముల్లు ఒక్కదానితో మొదలుపెట్టండి

బడిలో సాధారణంగా రెండు ముళ్లూ ఒకేసారి చూపిస్తారు. మీరు అలా చేయకండి. అట్టబిళ్ల మీద 12 అంకెలు వేసి, చిన్న ముల్లు ఒక్కటే గుచ్చండి. ముల్లును సరిగ్గా 4 మీద పెట్టి "నాలుగు" అనిపించండి. కొంచెం జరిపి "నాలుగు దాటింది" అనిపించండి. 4కీ 5కీ సరిగ్గా మధ్యలో పెడితే "నాలుగున్నర". 5కి బాగా దగ్గరగా జరిపితే "అయిదు కావస్తోంది, ఇంకా కాలేదు". ఈ నాలుగు మాటలూ తడబడకుండా వచ్చేదాకా పెద్ద ముల్లు ఊసెత్తొద్దు.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. గడియారం చదవడంలో పిల్లలు చేసే తప్పుల్లో నేను ఎక్కువగా చూసేది ఇక్కడిదే. 9:55 అయినప్పుడు చిన్న ముల్లు దాదాపు 10 మీదే ఉన్నట్టు కనిపిస్తుంది. పిల్లలు దాన్ని చూసి 10 అనేసి, పెద్ద ముల్లు చూసి 55 చేర్చి, 10:55 అంటారు. ఏకంగా గంట తేడా.

మా దగ్గరకొచ్చే మూడో తరగతి పాప ఒకతె దీనికి మంచి దారి చూపించింది. 9 నుంచి 10 దాకా ఉన్న జాగాలో వేలు ఆడిస్తూ, "ఇదంతా తొమ్మిది ఇల్లు టీచర్, ముల్లు ఇంకా గుమ్మం దాటలేదు" అంది. ఆరోజు నుంచి అందరికీ అదే చెబుతున్నాను. అట్టబిళ్ల మీద 12 ఇళ్లకూ తలో రంగు వేయించండి. ముల్లు ఏ రంగులో ఉంటే ఆ ఇంటి అంకే పలకాలి. గుమ్మం దాటని అంకెను పలకకూడదు.

ఎలా సరిచూసుకోవాలి: అసలు గడియారంలో 6:50, 11:55, 2:58, 12:50 పెట్టి, గంట మాత్రమే అడగండి. చివరిది ముఖ్యం. 12:50లో చిన్న ముల్లు 1 పక్కన ఉంటుంది కాబట్టి చాలామంది "ఒంటిగంట" అంటారు. 12 ఇల్లు 1 దగ్గర అయిపోతుందని రంగు మీద చూపించండి. నాలుగూ సరిగ్గా చెబితే ముందుకు వెళ్లండి.

2. పెద్ద ముల్లు: అయిదుల లెక్క

ఇప్పుడు అట్టబిళ్ల అంచు చుట్టూ వేరే రంగుతో 5, 10, 15 అంటూ 55 దాకా రాయించండి. 12 దగ్గర 60 రాయకుండా 0 రాయించండి. 60 రాస్తే, తర్వాత సరిగ్గా నాలుగు గంటలను "నాలుగూ అరవై" అని చదువుతారు.

ఇక్కడ రెండు తప్పులు వస్తాయి. ఒకటి, పెద్ద ముల్లు 4 మీద ఉంటే "రెండు గంటల నాలుగు నిమిషాలు" అనడం. బయట రాసిన 20ని వేలితో తాకిస్తూ చదివిస్తే రెండు మూడు రోజుల్లో పోతుంది. రెండోది, చిన్న గీతలను మొదటి నుంచీ ఒక్కొక్కటీ లెక్కపెట్టడం. 37 నిమిషాలకు 37 గీతలూ లెక్కపెడితే మధ్యలో ఎక్కడో తప్పిపోతారు. 7 దాకా అయిదుల లెక్కన 35, ఆ తర్వాత గీతలు రెండు, మొత్తం 37. ఇలాగే చేయించండి.

సెకన్ల ముల్లు గురించి ఒక్క ముక్క చాలు: అది ఒక చుట్టు తిరిగితే నిమిషం. అది తిరుగుతూ పిల్లల దృష్టి లాగేస్తుందనే సెల్లు తీసేయమన్నాను.

3. రెండు ముళ్లూ కలిపి, అసలు గడియారం మీద

ఇక అట్టబిళ్ల పక్కన పెట్టేయండి. అట్ట గడియారంలో రెండు ముళ్లూ ఎవరి దారిన అవి తిరుగుతాయి. పిల్లలు 4:30 పెట్టమంటే చిన్న ముల్లును సరిగ్గా 4 మీద, పెద్ద ముల్లును 6 మీద పెడతారు. నిజమైన గడియారంలో అలా ఎప్పుడూ ఉండదు. వెనక మర తిప్పుతూ చూపించండి: పెద్ద ముల్లు ఒక చుట్టు తిరిగేలోగా చిన్న ముల్లు ఒక ఇల్లు దాటుతుంది, అదీ మెల్లమెల్లగా. మర పిల్లలనే తిప్పనివ్వండి. చేత్తో తిప్పితే తెలిసేది చెబితే తెలియదు.

దీనికి ఒక ఆట ఉంది, పేరు "అబద్ధాల గడియారం". కాగితం మీద గడియారాలు గీసి ఇవ్వండి. ఒకదానిలో పెద్ద ముల్లు 9 మీద, చిన్న ముల్లు సరిగ్గా 4 మీద. ఇంకోదానిలో పెద్ద ముల్లు 12 మీద, చిన్న ముల్లు 7కీ 8కీ మధ్యన. మూడోది నిజంగా 5:15. ఏవి అబద్ధం చెబుతున్నాయో పట్టుకోమనండి. పట్టుకోవడంతో ఆపకుండా, "మరి చిన్న ముల్లు ఎక్కడ ఉండాలి?" అని అడగండి. అది చెప్పగలిగితే గడియారం నిజంగా వచ్చేసినట్టే.

4. పావు, అర, ముప్పావు

ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఇది కొంచెం కష్టం. బడిలో "త్రీ ఫార్టీ ఫైవ్", పాఠంలో "క్వార్టర్ టు ఫోర్", ఇంట్లో నానమ్మ "పావు తక్కువ నాలుగు", పక్కింటి తాతయ్య "మూడుముప్పావు". నాలుగూ ఒకటేనని ఎవరో ఒకరు చెప్పాలి. ఒక కాగితం మీద 3:45 గడియారం గీసి, దాని కింద ఈ నాలుగూ రాసి గోడకు అంటించండి. 3:15కి "మూడుంపావు", 3:30కి "మూడున్నర" కూడా అలాగే.

జాగ్రత్త పడాల్సిన చోట్లు రెండు. "పావు గంట అంటే ఎన్ని నిమిషాలు?" అని అడిగి చూడండి. 25 అనే పిల్లలు చాలామంది ఉంటారు. వందలో పావు 25 అని ఎక్కడో విన్నారు కదా. గుండ్రటి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టించి, ఒక్కో మడతలో ఎన్ని అయిదులున్నాయో లెక్కపెట్టించండి. మూడు అయిదులు, 15. రెండోది, "పావు తక్కువ నాలుగు"లో నాలుగు వినగానే 4:45 అని రాసేయడం. "తక్కువ" అంటే ఆ గంట ఇంకా రాలేదని, "టు" అన్నా అంతేనని చెప్పండి. చిన్న ముల్లు ఏ ఇంట్లో ఉందో అడిగితే వాళ్లే దిద్దుకుంటారు.

5. ఉదయమా, రాత్రా?

తెలుగు క్యాలెండరులో ఉ., మ., సా., రా. అని చిన్న అక్షరాలుంటాయి. వాటిని చదివించండి. తర్వాత ఏఎం, పీఎం: అర్ధరాత్రి నుంచి మధ్యాహ్నం దాకా ఏఎం, అక్కడి నుంచి అర్ధరాత్రి దాకా పీఎం. మధ్యాహ్నం పన్నెండున్నర 12:30 పీఎం, రాత్రి పన్నెండున్నర 12:30 ఏఎం. దీన్ని పెద్దవాళ్లు కూడా తారుమారు చేస్తారు, కాబట్టి నాలుగైదు సార్లు అడగండి.

విశాఖలో ఉన్నవాళ్లకు ఇక్కడ ఒక మంచి అవకాశం ఉంది. దేశమంతటికీ టైము నిర్ణయించే 82½ డిగ్రీల రేఖాంశం మన పక్కనే, కాకినాడ దగ్గరగా పోతుంది. అందుకని మన ఊళ్లో సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకూ గడియారంలో పన్నెండుకూ పెద్ద తేడా ఉండదు. ఏడాదిలో రోజును బట్టి ఓ ఇరవై నిమిషాలలోపే అటూ ఇటూ. ఆదివారం డాబా మీద ఒక కర్ర నిలబెట్టి, పదకొండు నుంచి ఒంటిగంట దాకా పావుగంటకోసారి నీడ కొసన సుద్దముక్కతో గుర్తు పెట్టించండి. నీడ పొట్టిదైపోయి మళ్లీ సాగడం మొదలవుతుంది. ఏఎం పోయి పీఎం రావడమంటే ఏమిటో కళ్లతో చూస్తారు. ఎండ ఎక్కువ కాబట్టి టోపీ, మంచినీళ్లు మరవకండి. నడి వేసవిలో మాత్రం వద్దు.

ఇక 24 గంటల పద్ధతి. రైలు టికెట్టు మీద 17:20 అని ఉంటే 12 తీసేయాలి: సాయంత్రం 5:20. పిల్లలు 10 తీసేసి 7:20 అంటారు. 17లోని 1ని కొట్టేస్తే 7 కనిపిస్తుంది కదా, అదీ కారణం. 13 నుంచి 23 దాకా ఒక్కోదానికీ పక్కన మామూలు గంట రాయించి, ఆ చీటీ పుస్తకంలో పెట్టించండి.

రెండో భాగం: టైము లెక్కలు

6. ముందు ప్రశ్న చదవడం నేర్పండి

"బస్సు రెండు గంటలకు బయల్దేరింది", "బస్సు రెండు గంటల పాటు నడిచింది". రెండింటిలోనూ రెండు గంటలే ఉన్నాయి, అర్థం మాత్రం వేరు. మొదటిది గడియారంలో కనిపించే వేళ, రెండోది గడిచిన సేపు. లెక్క చదవగానే వేళ కింద గీత గీయమనండి, సేపు చుట్టూ సున్నా చుట్టమనండి. ఆ తర్వాత "ఏది ఇవ్వలేదు?" అని అడగండి. మొదలు ఇవ్వలేదా, చివర ఇవ్వలేదా, మధ్యలో సేపు ఇవ్వలేదా. ప్రైమరీ టైము లెక్కలు దాదాపు అన్నీ ఈ మూడింట్లో ఒకటే.

7. అడ్డగీత మీద గెంతులు

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. నిలువు తీసివేతకు ముందు గీత పద్ధతి నేర్పండి. కాగితం మీద ఒక అడ్డగీత. ఎడమ కొసన మొదలు, కుడి కొసన చివర. సేపు కనుక్కోవాలంటే మొదట దగ్గర్లోని నిండు గంటకు గెంతు, తర్వాత గంటల గెంతు, చివర మిగిలిన నిమిషాలు. వేళ కనుక్కోవాలంటే ముందు గంటల గెంతు, తర్వాత నిమిషాలు.

సేపు కనుక్కోవడం: జగదాంబ సెంటర్లో మ్యాట్నీ 2:40కి మొదలై 5:15కి అయిపోయింది. ఎంతసేపు?
2:40 నుంచి 3:00కి 20 నిమిషాలు.
3:00 నుంచి 5:00కి 2 గంటలు.
5:00 నుంచి 5:15కి 15 నిమిషాలు.
మొత్తం 2 గంటల 35 నిమిషాలు.

చివరి వేళ కనుక్కోవడం: రైల్వేస్టేషన్ దగ్గర 900కె బస్సు 4:55కి ఎక్కాం. భీమిలికి 1 గంట 10 నిమిషాలు పట్టిందనుకుందాం. ముందు గంట గెంతితే 5:55. 5 నిమిషాలు గెంతితే 6:00. మిగిలిన 5 గెంతితే 6:05.

మొదలు కనుక్కోవడం: సింహాచలం కొండ మీద 8:10కి ఉండాలి. ఇంటి నుంచి 1 గంట 25 నిమిషాల దారి. ఎప్పుడు బయల్దేరాలి? ఇది వెనక్కి గెంతే లెక్క. గంట వెనక్కి 7:10. 10 నిమిషాలు వెనక్కి 7:00. మిగిలిన 15 వెనక్కి 6:45. దీనిలోనే పిల్లలు కూడేసి 9:35 రాస్తారు. "దర్శనం అయ్యాక బయల్దేరతామా?" అని అడగండి, నవ్వుకుని దిద్దుకుంటారు.

పన్నెండు దాటే లెక్క: హైదరాబాదు రైలు సాయంత్రం 5:20కి బయల్దేరి మర్నాడు ఉదయం 6:15కి చేరిందనుకుందాం. (అసలు టైములు మారుతుంటాయి, లెక్క కోసమే ఇవి.) 6:00కి 40 నిమిషాలు, అర్ధరాత్రికి 6 గంటలు, ఉదయం 6కి మరో 6 గంటలు, ఆపైన 15 నిమిషాలు. 12 గంటల 55 నిమిషాలు. పన్నెండు దాటే లెక్కల్లో 12 దగ్గర తప్పకుండా ఆగమనండి. ఆగకపోతే పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేసి 55 నిమిషాలు అని రాస్తారు.

8. నిలువు తీసివేత, బడిలో అడిగితే

గీత పద్ధతి వచ్చాక నిలువు పద్ధతి చెప్పండి. గంటలకో గడి, నిమిషాలకో గడి గీయించండి. చుక్క పెట్టి 5.15 అని రాయనివ్వకండి. చుక్క చూడగానే వందలు గుర్తొస్తాయి.

5 గం. 15 ని. లోంచి 2 గం. 40 ని. తీయాలి. 15లోంచి 40 పోదు. 5 గంటల్లో ఒక గంట అప్పు తెచ్చుకుంటే అది 60 నిమిషాలై వస్తుంది. 4 గం. 75 ని. లోంచి 2 గం. 40 ని. పోతే 2 గం. 35 ని. ఇందాక గీత మీద వచ్చింది కూడా ఇదే.

60 బదులు 100 అప్పు తెచ్చుకుంటే 515 లోంచి 240 తీసినట్టు 2 గం. 75 ని. వస్తుంది. నిమిషాలు 60 దాటాయి కాబట్టి తప్పని తెలిసిపోతుంది అనుకుంటాం. కానీ తెలివైన పిల్లలు దాన్ని 3 గం. 15 ని.గా మార్చి రాసేస్తారు, అప్పుడు తప్పు దాక్కుంటుంది. 2:55 నుంచి 5:10 దాకా అనే లెక్కలోనైతే వంద పద్ధతిలో 2 గం. 55 ని. వస్తుంది. చూడ్డానికి ఏ తప్పూ లేదు. సరైన జవాబు 2 గం. 15 ని.

మీకు ఒక కొండగుర్తు చెబుతాను. తీసివేతలో జవాబు సరిగ్గా 40 నిమిషాలు ఎక్కువ వచ్చిందంటే, వంద అప్పు తెచ్చుకున్నట్టే. కూడికలో 40 నిమిషాలు తక్కువ వచ్చిందంటే, వంద అయ్యాక గంట కట్టినట్టు. 100కీ 60కీ తేడా 40 కాబట్టి ఇలా జరుగుతుంది. పరీక్ష పేపరు ముందేసుకుని చూడండి, కారణం ఇట్టే తెలుస్తుంది. అప్పుడు మొత్తం పాఠం మళ్లీ చెప్పక్కర్లేదు. అప్పు గడిలో ముందే 60 అని రాసుకునే అలవాటు చేయిస్తే సరి.

9. గంటలను నిమిషాలు చేయడం

2 గంటల 35 నిమిషాలు అంటే 235 నిమిషాలు అని రాసేవాళ్లు ఉంటారు. 60, 120, 180, 240, 300 నోటికి రావాలి. 120కి 35 కలిపితే 155. వెనక్కి చేసేటప్పుడు, 200 నిమిషాల్లో 180 దాకా 3 గంటలు, మిగిలినవి 20. పెద్ద తరగతుల్లో "2.5 గంటలు" వస్తుంది. అది రెండున్నర గంటలు, 2 గంటల 50 నిమిషాలు కాదు, 2 గంటల 5 నిమిషాలు కూడా కాదు.

10. రోజుల లెక్క

ఇక్కడి తప్పు ఒక్క రోజుదే, కానీ ప్రతిసారీ వస్తుంది. మన ఫిషింగ్ హార్బరు లెక్కే తీసుకోండి. తూర్పు తీరంలో మరపడవలతో సముద్రంలో వేట ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా నిషేధం. ఎన్ని రోజులు? పిల్లలు ఏప్రిల్‌కి 30లోంచి 15 తీసి 15 అంటారు, మే 31, జూన్ 14, మొత్తం 60. అసలు 61. 15వ తేదీ కూడా నిషేధంలోనిదే, అందుకని ఏప్రిల్‌లో 16 రోజులు. నమ్మకపోతే క్యాలెండరు మీద 15 నుంచి 30 దాకా వేలు పెట్టి లెక్కపెట్టించండి. "మొదటి రోజూ కలుస్తుందా?" అని ప్రతి రోజుల లెక్కలోనూ ముందే అడగడం అలవాటు చేయండి. రెండు చివర్లూ కలిస్తే, తీసివేశాక ఒకటి చేర్చాలి.

ఏ నెలకెన్ని రోజులో పిడికిలి కణుపుల మీద చూపించండి. కణుపు మీద పడ్డ నెలలకు 31. జులై చివరి కణుపు, ఆగస్టు మళ్లీ మొదటి కణుపు, అందుకే రెండింటికీ 31.

వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి

జవాబు రాగానే మూడు ప్రశ్నలు అడగండి. నిమిషాలు 60 కంటే తక్కువ ఉన్నాయా? మొదలుకు సేపు కలిపితే చివరకు వస్తోందా? ఇది నిజంగా జరిగే పనేనా? సిటీ బస్సులో 11 గంటలు కూర్చున్నట్టు వస్తే లెక్క మళ్లీ చూడమనండి.

ఇంకో తేలికైన పరీక్ష గోడ మీదే ఉంది. క్యాలెండరులో రాహుకాలం సోమవారం 7.30 నుంచి 9.00, శనివారం 9.00 నుంచి 10.30, బుధవారం 12.00 నుంచి 1.30, శుక్రవారం 10.30 నుంచి 12.00 అని ఉంటుంది. ఏ వారానిది చేసినా గంటన్నరే రావాలి. రాకపోతే లెక్క తప్పు. అందులో తడబడకపోతే వర్జ్యం ఇవ్వండి. వర్జ్యం రోజుకో రకంగా ఉంటుంది, అర్ధరాత్రి దాటేవి కూడా దొరుకుతాయి. అచ్చులో చుక్కలే ఉంటాయి కాబట్టి, చుక్కను గంటలు నిమిషాలుగా విడదీసి రాసుకున్నాకే లెక్క మొదలుపెట్టమనండి.

అభ్యాసానికి కొన్ని, జవాబులతో

అ) ఉదయం 10:35 నుంచి మధ్యాహ్నం 1:10 దాకా ఎంతసేపు? 2 గం. 35 ని. 9 గం. 25 ని. అని రాస్తే పెద్ద అంకెలోంచి చిన్నది తీశారన్నమాట. గీత మీద 12 దగ్గర ఆపండి.

ఆ) 7:55కి బయల్దేరి 2 గం. 50 ని. ప్రయాణం చేస్తే? 10:45. 10:05 అంటే వంద పద్ధతిలో కూడారు.

ఇ) 3:45 నుంచి 6:20 దాకా? 2 గం. 35 ని. 3 గం. 15 ని. వస్తే 40 ఎక్కువ, అప్పు గడి చూడండి.

ఈ) 195 నిమిషాలు అంటే? 3 గం. 15 ని. 2 గం. 35 ని. అంటే 195ని 1 గం. 95 ని.గా చూసి, దాన్ని మార్చారు.

ఉ) సముద్రంలో ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. ఉదయం 6:10కి పోటు వస్తే మళ్లీ ఎప్పుడు? సాయంత్రం 6:35కి. ఆర్‌కే బీచ్‌కి వెళ్లినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూపించి ఈ లెక్క అడగండి.

ఊ) సెలవులు జనవరి 10 నుంచి 18 దాకా, రెండు రోజులూ కలిపి. ఎన్ని? 9. ఎనిమిది అంటే మొదటి రోజు వదిలేశారు.

ఎ) టికెట్టు మీద 15వ తేదీ సోమవారం, 00:30 అని ఉంది. ఇంట్లోంచి స్టేషన్‌కు ఏ రోజు రాత్రి బయల్దేరాలి? 14వ తేదీ ఆదివారం రాత్రి. భోజనాలు ఆదివారమే కానిచ్చి, పదకొండున్నరకల్లా స్టేషన్లో ఉండాలి. సోమవారం రాత్రి అన్న పిల్లలకు, అర్ధరాత్రి దాటగానే క్యాలెండరులో గడి మారుతుందని వేలితో జరిపి చూపించండి. ఈ ఒక్క లెక్క మాత్రం పెద్దవాళ్లు కూడా పక్కన కూర్చుని చేయండి. దీనిలో పొరపాటు పడి రైలు వెళ్లిపోయిన మర్నాడు స్టేషన్‌కు చేరుకునేవాళ్లు ఉంటారు.